పెన్న వెంట కలివికోడి జాడ

1900లో హోవర్డ్ క్యాంప్‌బెల్ అనే దొర అనంతపురం దగ్గర పెన్న లోయలో ఒక పిట్టను చూశానని రాసిపెట్టాడు. ఆ తర్వాత శాస్త్రవేత్తల పుస్తకాల్లో ఆ పిట్ట పేరు కింద ఎనభై ఆరేళ్లు ఖాళీ. 1930లలో వెతికారు, 1970లలో మళ్లీ వెతికారు. దొరకలేదు. ఇక లేదనుకున్నారు. 1986 జనవరిలో అదే పెన్నకు దిగువన, కడప జిల్లాలో ఒక అడవి అంచున, రాత్రిపూట అది మళ్లీ మనిషి చేతికి చిక్కింది. ఆ పిట్ట కలివికోడి. పక్షిశాస్త్రం పుస్తకాల్లో జెర్డన్స్ కోర్సర్. అది ఇప్పటికీ బతికి ఉందని ఆధారం దొరికిన చోటు భూమ్మీద ఒక్కటే. అది మన రాయలసీమ ముళ్లపొద.

ఆ రెండు చోట్ల మధ్య పెన్నను పట్టుకుని పోవాలని చాలా కాలంగా అనుకుంటున్నాను. పిట్ట కనపడుతుందన్న ఆశ పెద్దగా లేదు. దశాబ్దాల తరబడి వెతికినవాళ్లకే అది అరుదుగా దొరికింది. అనంతపురంలో ఒకప్పుడున్న పిట్ట ఇప్పుడు ఎందుకు లేదు, కడప లంకమల కొండల కింద ఎలా మిగిలింది అన్నది నేల మీద నడిచి చూడాలన్నదే నా కోరిక. ముంగారు వానలు ముగింపుకొచ్చి, చెనక్కాయ చేలు ఊడలు దిగి కాయ పట్టే కాలంలో బయల్దేరాను.

అనంతపురం దాటి తాడిపత్రి దారి పట్టగానే నేల రంగు తేలిపోతుంది. ఎర్రమట్టి మీద గులకరాళ్లు, మధ్యమధ్య నల్లగా పొడుచుకొచ్చిన బండలు, దూరంగా గుండుమీద గుండు పేర్చినట్టున్న కొండలు. పడమటి కనుమలు నైరుతి మబ్బుల్ని తమవైపే పిండుకున్నాక మిగిలిన తడి ఇక్కడికి చేరుతుంది. హింగారు వానలు కోస్తాను తడిపి ఇంత దూరం వచ్చేసరికి వాటి బలమూ తగ్గిపోతుంది. ఏడాది మొత్తానికి సగటున 550 మిల్లీమీటర్లు. అదీ వరుసగా పడదు. ఒక్కరోజు కుండపోత, తర్వాత నెలరోజులు పొడి. ఈ నేల మీద ఏ ప్రాణి బతకాలన్నా ఆ పద్ధతికి ఒదిగి బతకాలి. కలివి, రేగు, బలుసు, తంగేడు, బందారు అలా ఒదిగిన చెట్లే. నిలువెత్తు పెరగవు, గుంపుగా ఒకచోట కమ్ముకోవు. ఒక పొదకూ ఇంకో పొదకూ మధ్య నాలుగడుగులు, పదడుగులు ఖాళీ నేల వదిలిపెడతాయి. వేళ్లకు అందే తడి అంతే మరి. ఆ ఖాళీల్లోనే చీమలు, చెదలు పుట్టలు పెడతాయి. ఆ చీమలూ చెదలే కలివికోడి తిండి.

శింగనమల దాటాక రోడ్డు పక్క బీట్లో గొర్రెలు మేస్తున్నాయి. గొంగడి భుజాన వేసుకున్న పెద్దాయన దుడ్డుకర్రకు ఆనుకుని నిలబడి ఉన్నాడు. బండి ఆపి పలకరించాను.

"పెద్దాయనా, ఈ బీట్లో ఏమేం పిట్టలుంటాయి?"

"ఏముంటాయి సార్, కౌజులుంటాయి, పూరేళ్లుంటాయి. తీతువు ఉంటాది, రాత్రంతా అరుస్తానే ఉంటాది."

ఫోనులో బొమ్మ చూపించాను. గువ్వకంటే కాస్త చిన్నది. పెద్ద పెద్ద కళ్లు, కంటిపైన తెల్లటి గీత, మెడ కింద ఇటుకరంగు మచ్చ, ఎదమీద తెలుపుతో విడదీసిన రెండు గోధుమరంగు పట్టీలు, పొడవాటి పచ్చటి కాళ్లు. పెద్దాయన ఫోను చేతిలోకి తీసుకుని ఎండకు చెయ్యి అడ్డం పెట్టి చాలాసేపు చూశాడు.

"ఇది తీతువు కాదు సార్. నా కంటికి ఎప్పుడూ కనపల్యా. మా నాయన కాలంలో ఉండిందేమో తెల్దు. అప్పుడు ఈ కొండ కింద పొద ఎంత ఉండిందనుకుంటారు! గొర్రెపిల్ల దూరితే కనపడేది కాదు. ఇప్పుడు యాడుండాది పొద? అంతా దున్నినారు. చెనక్కాయ ఏసినారు. బోర్లు ఏసి చీనీ చెట్లు పెట్టినారు. నీళ్లు సాలక అవీ ఎండినాయి."

"మరి మేతకేం చేస్తారు?"

"తోలుకొని పోతాం. నీళ్లు యాడుంటే ఆడికి. వానొస్తే మళ్లీ ఇంటికి."

ఆయన మాటల్లో అనంతపురం వందేళ్ల చరిత్ర ఉంది. ఒకప్పుడు ఈ మెట్టభూముల్లో కొర్ర, జొన్న, సజ్జ, ఉలవ పండించేవాళ్లు. పొలాల మధ్య పొదలు, వంకల వెంట పొదలు, కొండ వాలుల్లో పొదలు మిగిలేవి. తర్వాత వేరుశనగ వచ్చింది. జిల్లా అంతా ఒకే పంట అన్నంతగా అది అల్లుకుంది. ధర ఉన్న ఏడు రైతుకు నాలుగు డబ్బులు కనిపించాయి, వాన తప్పిన ఏడు అప్పు మిగిలింది. ఆ అప్పు తీర్చడానికి ఇంకొంత బీడు దున్నారు. ఆ రైతును తప్పుపట్టే హక్కు ఎవరికీ లేదు. కరువులో మనిషికి ముందు కనపడేది పిల్లల కంచమే. అయితే ఆ క్రమంలో నేల మీద నుంచి ఒక మొత్తం బతుకు చెరిగిపోయిందన్న సంగతిని లెక్క రాసినవాళ్లు లేరు.

లెక్క రాసినచోట కూడా దానికి దక్కిన గౌరవం తక్కువే. మన రెవెన్యూ రికార్డుల్లో ఇలాంటి నేలలు బంజర్లు. దేశవ్యాప్తంగా ఉపగ్రహ చిత్రాలతో తయారైన వృథా భూముల అట్లాసులో పొదలున్న నేలకు ప్రత్యేకంగా ఒక గడి ఉంది. అంటే ప్రభుత్వం దృష్టిలో పొద ఉన్న నేల ఇంకా పనికి రాని నేల. పనిలో పెట్టడమంటే అక్కడ మొక్కలు నాటడమో, పరిశ్రమకు ఇవ్వడమో, సౌర పలకలు పరచడమో. నంబులపూలకుంటలో ఎకరాలకు ఎకరాలు నల్లటి పలకలు పరుచుకుని ఉంటాయి. రామగిరి కొండల మీద గాలిమరలు తిరుగుతుంటాయి. ఆ కరెంటు మనకు కావాలి. కానీ దానికి చోటు వెతికేటప్పుడు 'ఖాళీ భూమి' అని గీత గీసేముందు ఆ ఖాళీలో ఎవరున్నారని ఒకసారి అడగాలి కదా. అనంతపురం బీళ్లలో తోడేళ్లు, గుంటనక్కలు, కౌజులు, పూరేళ్లు ఈనాటికీ ఉన్నాయి. వాటికి ఆ నేల వృథా కాదు.

తాడిపత్రిలో పెన్న ఒడ్డున బుగ్గ రామలింగేశ్వరుడి గుడి. నల్లరాతి గోపురాల చెక్కడం చూస్తుంటే కళ్లు తిప్పుకోబుద్ధి కాదు. గుడి వెనక నది. నదిలో ఇసుక, ఇసుక మీద తుమ్మ చెట్లు. ఎగువన పెన్న అహోబిలం దగ్గర ఒక జలాశయం, దాని కింద మధ్య పెన్నార్ డ్యాం. వాటిలోకి తుంగభద్ర ఎగువ కాలువ నీళ్లు వస్తాయి. కరువు జిల్లా గొంతు తడిపేది ఎక్కువగా అవే. నది మాత్రం మంచి వాన పడ్డ ఏడు తప్ప పారదు. అయినా పెన్న ఒడ్డు మట్టికీ, దాని వంకలకూ, అటూ ఇటూ కొండవాలులకూ ఒక పొందిక ఉంది. నందికొండల్లో పుట్టి హిందూపురం మీదుగా అనంతపురం మెట్టల్లోకొచ్చి, ఉత్తరానికి పోయి, తూర్పుకు తిరిగి, గండికోట బండల్ని కోసుకుంటూ కడపలోకి దిగి, సిద్ధవటం దాటి, సోమశిల కొండల మధ్యనుంచి నెల్లూరుకు చేరే దారి ఇది. కలివికోడి గురించి పాత రోజుల్లో దొరికిన కబుర్లలో ఎక్కువ భాగం ఈ దారిలోవే.

మొదటి కబురు థామస్ కావర్‌హిల్ జెర్డన్ అనే డాక్టరు నుంచి వచ్చింది. ఈస్టిండియా కంపెనీ మద్రాసు కొలువులో వైద్యుడిగా చేరి, నెల్లూరులో పనిచేసి, రోగుల్ని చూడగా మిగిలిన పొద్దంతా పిట్టల్ని, పాముల్ని, చీమల్ని చూసిన మనిషి. ఆయన సంపాదించిన పిట్టను చూసి 1848లో కలకత్తా ఏషియాటిక్ సొసైటీ మ్యూజియం చూసుకునే ఎడ్వర్డ్ బ్లైత్ దానికి శాస్త్రీయ నామం పెట్టాడు. తర్వాత భూగర్భ శాస్త్రజ్ఞుడు విలియం బ్లాన్‌ఫోర్డ్ రాళ్ల కోసం గోదావరి లోయలో తిరుగుతూ 1867లో, 1871లో భద్రాచలం, సిరోంచ వైపు దాన్ని చూశాడు. అంటే గోదావరి నుంచి పెన్న దాకా తూర్పు కనుమలకు రెండుపక్కలా ఒకప్పుడు దాని కాపురం. ఆ తర్వాతిది క్యాంప్‌బెల్ మాట. దాంతో వరుస తెగిపోయింది.

ఈ వరుసలో చాలా ఆలస్యంగా ఇంకొక ముక్క దొరికింది. స్కాట్లాండులోని అబర్డీన్ విశ్వవిద్యాలయం మ్యూజియంలో ఒక పిట్ట గుడ్డు ఏళ్ల తరబడి డబ్బాలో పడి ఉంది. 2013లో దాని డీఎన్ఏ పరీక్షించి కలివికోడి గుడ్డని తేల్చారు. దాన్ని సేకరించింది కోలారు బంగారు గనుల దగ్గర పశువైద్యుడిగా పనిచేసిన ఎర్నెస్ట్ మీటన్, 1917 ప్రాంతంలో. ప్రపంచంలో తెలిసిన కలివికోడి గుడ్డు అదొక్కటే. కోలారు అంటే మన అనంతపురానికి దక్షిణపు గడప. అదే ఎర్రనేల, అవే గుండ్లు, అవే పొదలు, వీధిలో అదే తెలుగు. పుస్తకాల్లో పిట్ట 'లేదు' అని ఉన్న రోజుల్లో ఈ పీఠభూమి మీద అది గుడ్డు పెట్టుకుని పొదుగుతూనే ఉందన్న మాట. 1900తో అంతా ముగిసిందనుకోవడం చూసేవాళ్లు లేకపోవడం వల్ల కూడా కావచ్చు. నా మటుకు ఈ ప్రయాణంలో మనసును ఎక్కువ పట్టి ఉంచిన విషయం ఇదే.

గండికోట దగ్గర ఆగకుండా పోవడం ఎవరి తరమూ కాదు. ఎర్రబండల మధ్య పెన్న లోతుకు దిగి పారుతుంది. అక్కడి నుంచి కడప చేరేసరికి కొండల తీరు మారుతుంది. నల్లమల పాదాలు, పాలకొండలు, తూర్పున వెలిగొండలు. నేల అదే ఎరుపు, పొదలే చిక్కన.

1985లో బొంబాయి నేచురల్ హిస్టరీ సొసైటీ తరఫున భరత్ భూషణ్ అనే యువకుడు కడప జిల్లాకు వచ్చాడు. చేతిలో పిట్ట బొమ్మ. ఊరూరా తిరిగి, అడవిలో పిట్టలు పట్టేవాళ్లను, కట్టెలకు పోయేవాళ్లను, పశువుల కాపర్లను అడిగాడు. చదువుకున్నవాళ్లు ఎనభై ఏళ్లకు పైగా వెతికినా దొరకని పిట్టను చూసి వాళ్లలో కొందరు 'ఇది మాకు తెలుసు' అన్నారు. రాత్రిళ్లు కలివిపొదల మధ్య తిరుగుతుందన్నారు. 1986 జనవరి నడుమ రెడ్డిపల్లె దగ్గర ఒక రాత్రి లంకమల పల్లె వేటగాడొకరు టార్చి వెలుగులో నిశ్చేష్టగా నిలబడిపోయిన పిట్టను చేత్తో పట్టి తెచ్చాడు. కబురు అందగానే ఎనభై తొమ్మిదేళ్ల పక్షిశాస్త్రవేత్త సలీం అలీ బయల్దేరి వచ్చారు. జీవితమంతా వెతికిన పిట్ట అది. ఆయన చేరేసరికి అది ప్రాణాలతో లేదు. అడవిపిట్ట పంజరంలో కొన్నాళ్లే ఉండగలిగింది.

ఆ ఒక్క పిట్ట ప్రాణం పోయినా మిగిలినవాటికి ఒక ఇల్లు దక్కింది. 1988లో 464 చదరపు కిలోమీటర్ల లంకమల అడవిని శ్రీ లంకమల్లేశ్వర వన్యప్రాణి అభయారణ్యంగా ప్రకటించారు. వన్యప్రాణి సంరక్షణ చట్టం మొదటి షెడ్యూలులో, పులితో సమానంగా కలివికోడి ఉంది. అంతర్జాతీయ ఎర్ర జాబితాలో 'అత్యంత ప్రమాదంలో' అన్న వరుసలో ఉంది. దాని తర్వాతి మెట్టు అడవిలో అంతరించిపోవడమే. ఎదిగిన పిట్టలు ప్రపంచం మొత్తం మీద 50కి పైన, 250కి లోపల ఉండొచ్చని ఆ జాబితా అంచనా.

సిద్ధవటం కోట పక్కన పెన్నను దాటి బద్వేలు దారి పట్టాను. కుడిఎడమలా పొలాలు, నిమ్మతోటలు, వాటి వెనక లంకమల కొండల నీలిగీత. నాకు తోడు వచ్చిన కుర్రాడు ఈ పక్క పల్లెవాడే. అటవీశాఖ పనులకు పోయి పొదల పేర్లన్నీ నోటికి పట్టినవాడు.

"అన్నా, లోపలికి పొద్దుగూకినాక పోనియ్యరు. ఎర్రచందనం గొడవ. మనం ఈ అంచులోనే నిలబడాల," అన్నాడు.

ఎర్రచందనం దొంగలకు తావివ్వకూడదని పెట్టిన ఆ కట్టడి న్యాయమైందే. కానీ కలివికోడి రాత్రి పిట్ట. రాత్రి అడవిలో తిరగడం కష్టమైనచోట దాన్ని వెతకడమూ కష్టమవుతుంది. ఒక సంపదను కాపాడబోయి ఇంకో సంపద కళ్లకు దూరమైంది.

కుర్రాడు చూపించిన చోటు ప్రత్యేకంగా ఏమీ ఉండదు. నడుమెత్తు నుంచి నిలువెత్తు దాకా కలివి, బలుసు, రేగు, తుమ్మ పొదలు. వాటి మధ్య మేకలు నడిచిన బాటలు, గట్టిపడ్డ ఎర్రనేల, అక్కడక్కడా గడ్డి. అనంతపురంలో బండి ఆపి చూసిన బీడుకు ఇది తోబుట్టువు. శాస్త్రవేత్తలు పి. జగన్నాథన్, రైస్ గ్రీన్, అసద్ రహ్మానీ, కెన్ నారిస్ ఇరవై ఏళ్ల కిందట ఇలాంటి చోట్లనే ఓపికగా పనిచేశారు. పిట్ట కంటపడదు కాబట్టి దాని అడుగుల్ని పట్టాలనుకున్నారు. పొదల మధ్య మెత్తటి మట్టి పట్టీలు పరిచి, సాయంత్రం చదును చేసి, పొద్దున్నే వచ్చి అడుగుజాడలు చదివేవాళ్లు. కోర్సర్లకు కాలికి వెనక వేలు ఉండదు, మూడు వేళ్లు ముందుకే ఉంటాయి. ఆ గుర్తు పడ్డచోట ఒంటి వేడికి దానంతటదే క్లిక్‌మనే కెమెరాలు బిగించారు. అలా రాత్రి చీకట్లో కలివికోడి ఫొటోలు పడ్డాయి. తర్వాత దాని కూత దొరికింది. పొద్దుగూకిన ముక్కాలు గంటకు మొదలై, కాసేపు రెండు స్వరాల్లో పదే పదే పలికి, ఆగిపోయే కూత. రోజుకు ఆ కాసేపే దాన్ని వినే సమయం.

వాళ్లు తేల్చిన సంగతుల్లో నాకు అన్నిటికంటే విలువైందిగా తోచింది పొదల లెక్క. పొదలు మరీ చిక్కబడితే కలివికోడి ఉండదు, పరిగెత్తడానికి, చీమలు ఏరుకోవడానికి నేల చాలదు. మరీ పలచబడితే ఉండదు, దాక్కోవడానికి నీడ చాలదు. రెండింటికీ నడుమ, మేకలూ గొర్రెలూ మితంగా మేసిన, కట్టె మితంగా కొట్టిన పొదలో అది ఉంటుంది. అంటే మనిషిని పూర్తిగా వెళ్లగొట్టి కంచె వేస్తే ఈ పిట్ట బతుకుతుందన్న నమ్మకం లేదు. శింగనమల దగ్గర దుడ్డుకర్రకు ఆనుకున్న పెద్దాయనలాంటి వాళ్లు తరతరాలుగా మేపిన నేల అది. పల్లె జీవనం, పొద, పిట్ట ఒకదాన్నొకటి పట్టుకుని నిలబడ్డ ఇల్లు. మేత మితిమీరినా, ట్రాక్టరు దిగినా ఆ ఇల్లు కూలుతుంది.

ట్రాక్టరు దిగింది. 1991, 2000 సంవత్సరాల మధ్య ఈ ప్రాంతపు ఉపగ్రహ చిత్రాల్ని పోల్చితే పొదనేల పదో వంతుకు పైగా తగ్గిపోయింది. ఆ చోట పొలాలు, తోటలు వచ్చాయి. సోమశిల జలాశయంలో ఊళ్లు మునిగి, కొంపాగోడూ వదిలి వచ్చిన కుటుంబాలు బతుకు వెతుక్కుంది కూడా ఈ అంచుల్లోనే. కౌజుల కోసం పెట్టిన ఉచ్చుల్లో ఏ పిట్ట పడేదీ ఎవరికి తెలుసు? అన్నిటికంటే పెద్ద దెబ్బ కాలువ రూపంలో వచ్చింది. మద్రాసుకు తాగునీరు, సీమకు సాగునీరు ఇవ్వడానికి మొదలైన తెలుగుగంగ కాలువ పనుల్లో 2005లో యంత్రాలు కలివికోడి తిరిగే పొదల్లోకి వచ్చి నేలను గీరేశాయి. పరిశోధకులు గుర్తించి చెప్పారు, అటవీశాఖ పని ఆపించింది, పక్షిప్రేమికులు గట్టిగా పట్టుబట్టారు. చివరికి కాలువ దారి మార్చడానికి ప్రభుత్వం ఒప్పుకుంది. నీటికి మొహం వాచిన సీమలో, ఒక పిట్ట కోసం కాలువను పక్కకు జరిపారు. ఇది మనం గర్వంగా చెప్పుకోవలసిన కథ. పిల్లల పాఠాల్లో ఉండవలసిన కథ.

పొద్దు కుంకింది. మేము మాట్లాడకుండా నిలబడ్డాం. ముందు కౌజులు కూశాయి, తర్వాత తీతువు అరుచుకుంటూ తలమీదుగా పోయింది. ముక్కాలు గంట దాటింది, గంట దాటింది. మేము ఎదురుచూసిన కూత రాలేదు. 2009 తర్వాత చాలా ఏళ్ల పాటు ఇక్కడ నిలబడ్డవాళ్లకు ఎవరికీ అది వినపడలేదు. మళ్లీ లేదేమోనన్న అనుమానం మొదలైంది. 2025 ఆగస్టులో పక్షి పరిశీలకులు కొందరు రాయలసీమ పొదల్లో ఒక రాత్రి ఆ రెండు స్వరాల కూతను విని రికార్డు చేశారు. రెండోసారి కూడా అది 'ఉన్నాను' అంది. మూడో అవకాశం ఇస్తుందన్న భరోసా లేదు.

ఇక్కడ నాకు న్యూజిలాండ్ కకాపో గుర్తుకొచ్చింది. ఎగరలేని ఏకైక చిలుక అది. చిలుకల్లోకెల్లా బరువైంది, మగది నాలుగు కిలోల దాకా తూగుతుంది. కలివికోడి ఎగరగలదు, కానీ బతుకంతా నేలమీదే. కకాపోకు ఎగిరే దారీ లేదు. రెండూ రాత్రి తిరుగుతాయి. రెండూ ఆపద వస్తే కదలకుండా బిగుసుకుపోతాయి. కళ్లతో వెతికే గద్దలున్న కాలంలో కకాపోకు ఆ ఉపాయం పనికొచ్చింది. మనుషుల ఓడల్లో వచ్చిన పిల్లులు, ఎలుకలు, ముంగిసలాంటి స్టోట్‌లు వాసన పట్టి వెతికేసరికి అదే దాని చావుకు దారైంది. 1995 నాటికి లోకంలో మిగిలినవి 51 కకాపోలు.

అప్పుడు ఆ దేశం ఏం చేసింది? దొరికిన ప్రతి కకాపోనూ శత్రుజంతువులు లేని చిన్న దీవులకు చేర్చింది. ప్రతి దానికీ పేరు పెట్టింది. ప్రతి దాని ఒంటికీ చిన్న ట్రాన్స్‌మిటర్ కట్టింది. ఏది ఎక్కడుంది, ఏది జబ్బుపడింది, ఏ గూట్లో ఎన్ని గుడ్లు అన్నది చూసే మనుషుల్ని దీవుల్లో కాపలా పెట్టింది. రిము చెట్టు విరగకాసిన ఏడు తప్ప కకాపో గుడ్డు పెట్టదని తెలిసి, రెండుమూడేళ్లకో నాలుగేళ్లకో వచ్చే ఆ ఏడు కోసం ఓపిగ్గా కాచుకుంది. ఆ దీవుల్ని తమ పూర్వీకుల నేలగా భావించే నై తాహు మావోరీ జనం ఈ పనిలో ప్రభుత్వంతో చేయి కలిపారు. ఈ ముప్పై ఏళ్లలో ఆ 51 దాదాపు 240 దాకా పెరిగాయి. ఇప్పటికీ ప్రమాదం తీరలేదు, ఎర్ర జాబితాలో కకాపో కూడా కలివికోడి పక్కనే ఉంది. అయినా దాని సంగతి ఏ రోజుకారోజు తెలుస్తుంది.

కలివికోడి విషయంలో మనం ఇంకా ఆ దశకు చేరలేదు. దాని గూడు అడవిలో చూసిన దాఖలా లేదు. ఎన్ని ఉన్నాయో అంచనా తప్ప లెక్క లేదు. ఎక్కడెక్కడ ఉన్నాయో కూడా తెలియదు. కకాపోకు దీవి దొరికినట్టు దీనికి దొరకదు, దీని ఇల్లు మన ఊళ్ల చుట్టూ ఉంది. అందుకే దీన్ని కాపాడే పద్ధతి కూడా ఇక్కడి మనుషుల మధ్య నుంచే పుట్టాలి.

నాకు తోచింది చెప్తాను. మొదట వినడం. చవకగా దొరికే చిన్న రికార్డరును కొమ్మకు కట్టి వదిలేస్తే రాత్రంతా అది వింటుంది. మనిషి అడవిలో నిలబడనక్కర్లేదు, ఎర్రచందనం గొడవా అడ్డురాదు. ఆ వినికిడి లంకమల దగ్గరే ఆగకూడదు. పెన్న ఎగువకు, తాడిపత్రి, శింగనమల, అనంతపురం కొండవాలుల్లో మిగిలిన పొదల దాకా రావాలి. 1900లో ఇక్కడ చూశారన్న మాట ఉంది, 1917లో కోలారు గుడ్డు ఉంది. ఈ పీఠభూమి మీద అది లేదని తేల్చేంత వెతుకులాట ఇంకా జరగలేదు.

రెండోది కాపర్లను పిలవడం. 1986లో పిట్టను పట్టిచ్చింది పల్లె మనిషే. పొదల లెక్క తెలిసింది ఆ మనిషికే. గొర్రెల కాపరులకు, మేకలవాళ్లకు కూత వినిపించి, ఏడాదికి ఇంతని కూలి ఇచ్చి, బీడు కాపలాను వాళ్ల చేతిలో పెడితే ఏ అధికారీ చేయలేని పని వాళ్లు చేస్తారు. ఉచ్చు పెట్టే చెయ్యి కూడా ఆ పనిలోకి మళ్లుతుంది.

మూడోది అన్నిటికంటే ముఖ్యమైనది. పొదను పొదగానే ఉండనివ్వడం. పచ్చదనం పేరుతో దాని మీద వేరే చెట్లు నాటడం సేవ కాదు. అనంతపురంలో, కడపలో సౌర పలకలకో, తోటలకో, పరిశ్రమకో బంజరు కేటాయించేముందు ఆ నేలలో కొన్ని సాయంత్రాలు రికార్డరు పెట్టి వినడాన్ని నిబంధన చేయాలి. దున్ని పాడైపోయి మళ్లీ బీడు పడ్డ నేలలు ఈ జిల్లాల్లో బోలెడున్నాయి, ముందు వాటిని ఎంచుకోవాలి. పొద మిగిలిన నేలను చివరకు కూడా ముట్టుకోకూడదు.

మన కళ్ల ముందే ఒక హెచ్చరిక ఉంది. నంద్యాల దగ్గర రోళ్లపాడులో బట్టమేక పిట్ట కోసం అదే 1988లో అభయారణ్యం వచ్చింది. ఆ గడ్డినేలలో ఒకప్పుడు గుంపులుగా తిరిగిన బట్టమేక ఇప్పుడు కనపడటమే గగనం. అభయారణ్యమని బోర్డు పెట్టాక చుట్టూ ఉన్న నేల మారిపోతే బోర్డు ఒక్కటే మిగులుతుంది. కలివికోడికి ఆ గతి పట్టకూడదు.

ఇదంతా పెద్ద ఖర్చు అడగదు, ఎవరి నోటి దగ్గర కూడూ లాగదు. నీళ్లు మోసే కాలువనే ఒక పిట్ట కోసం పక్కకు జరిపిన ప్రభుత్వం మనది, దాన్ని ఒప్పుకున్న కరువు జనం మనవాళ్లు. అంత పెద్ద పని చేసిన చేతులకు, మిగిలిన పొదల్ని పేరు రాసి గుర్తించి, గొడ్డలికీ ట్రాక్టరుకూ అందకుండా ఆపడం చిన్న పనే. అది ఈ ఏడే మొదలుపెట్టాలి. మొదలుపెట్టవలసింది లంకమలలోనే కాదు, అనంతపురంలో కూడా.